మూగనోము పట్టిన పెట్టె

బొమ్మ చూసి అన్నీ అతికించాం. బ్యాటరీ పెట్టాం. స్విచ్ నొక్కాం. చప్పుడు లేదు! గిటార్ పెడల్‌ను ఇంట్లోనే సొంతంగా తయారుచేసుకునే కుర్రాళ్లలో చాలామందికి మొదట ఎదురయ్యేది ఇదే. అక్కడితో విసుగొచ్చి పెట్టెను అటకెక్కించేస్తారు. ఎక్కించకుండా ఇంకో గంట ఓపిక పడితే...

స్విచ్ నొక్కాడు. ఏమీ లేదు. మళ్లీ నొక్కాడు. ఊహూఁ. తీగ మీటాడు, వాల్యూమ్ చివరికంటా తిప్పాడు, పెట్టెకి అరచేత్తో ఒక్కటిచ్చాడు. అయినా ఉలుకూ పలుకూ లేదు.

ఓ శనివారం సాయంత్రం వనస్థలిపురంలో మా అక్కావాళ్లింటికి వెళ్లేసరికి కనబడిన దృశ్యమిది. మా మేనల్లుడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. పైగా ఎలక్ట్రానిక్స్ బ్రాంచి! డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరిచి, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, వైరు ముక్కలు, నాలుగు చిల్లులు పొడిచిన బిస్కెట్ల రేకు డబ్బా ముందేసుకుని కూర్చున్నాడు.

‘మామయ్యా, పదిహేను రోజుల కష్టం. శుక్రవారం కాలేజీ ఫెస్ట్. ఇదేమో మూగనోము పట్టింది’ అన్నాడు. బావగారు టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే ‘కొనుక్కోరా అంటే విన్నాడా’ అన్నారు. కొనాలంటే పేరున్న కంపెనీ పెడల్ వేలల్లో పలుకుతుంది. వీడికి కోఠీ గుజరాతీ గల్లీలో సామానంతా కలిపి అయింది ఏడెనిమిది వందలు. అందులోనూ సగానికి పైగా కాలితో నొక్కే స్విచ్చుకీ, జాక్‌లకీ పోయింది. అసలు పని చేసే ట్రాన్సిస్టర్లు రెండూ కలిపి పది రూపాయల్లోపే.

నిజం చెప్పాలంటే వాణ్ని చూస్తే నాకు జాలికంటే సిగ్గే ఎక్కువ వేసింది. తొమ్మిదో తరగతిలో నేనూ ఓ ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ చేశాను. పలకలేదు. ఎందుకు పలకలేదో ఇప్పటికీ తెలీదు. ఎందుకంటే నేను వెతకలేదు. అట్టపెట్టెలో పడేసి అటకెక్కించేశాను. వీడూ అదే పని చెయ్యబోతున్నాడని ముఖం చూస్తేనే తెలిసిపోతోంది.

అదృష్టం బాగుండి కింది వాటాలో ఓ తాతగారున్నారు. ముప్ఫై ఏళ్లు రేడియోలూ, టేప్‌రికార్డర్లూ, డబ్బా టీవీలూ బాగుచేసిన చేతులు. అక్క కబురుపెడితే కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చారు. డబ్బాను అటూ ఇటూ తిప్పిచూసి ఒకటే మాటన్నారు. ‘పాత టీవీ అయితే ఏదో పోయిందనుకోవాలి నాన్నా. ఇది కొత్తది. ఇందులో పోయిందేమీ ఉండదు. పెట్టడంలోనే ఏదో తేడా ఉంటుంది.’

ఆ రాత్రి పదిన్నర దాకా ఆ తేడా కోసమే మా వేట.

చెడిపోవడంలోంచి పుట్టిన చప్పుడు

ఇంతకీ పెడల్ అంటే ఏమిటి? ఎలక్ట్రిక్ గిటార్‌కీ, యాంప్లిఫయర్‌కీ మధ్య నేలమీద పెట్టుకునే చిన్న పెట్టె. వాయిస్తూనే కాలితో నొక్కితే తీగల ధ్వని మారిపోతుంది. ఒకటి ప్రతిధ్వని ఇస్తుంది, ఒకటి వణికిస్తుంది. మావాడు చేసింది ‘ఫజ్’ రకం. తీగ మీటితే తేనెటీగల తుట్టెను కదిపినట్టు బరబరలాడే మోత వస్తుంది. రాక్ పాటల్లో గిటార్ గర్జించినట్టు వినబడుతుందే... అదీ ఈ కుటుంబంలోదే.

విచిత్రమేమిటంటే ఈ మోతకి మూలం ఓ మరమ్మతు! అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాడిన ‘డోంట్ వర్రీ’ అనే పాట రికార్డు చేస్తుంటే, గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న బేస్ గిటార్ ఉన్నట్టుండి బొంగురుగా మోగింది. మిక్సింగ్ బల్లలో ఓ ట్రాన్స్‌ఫార్మర్ పాడైంది. ఆ మోతను తీసెయ్యకుండా అలాగే ఉంచారు. 1961లో పాట పెద్ద హిట్టయింది. ఆ చప్పుడు మాకూ కావాలంటూ సంగీతకారులు అడగడం మొదలెట్టారు. అప్పటి సౌండ్ ఇంజినీర్ గ్లెన్ స్నాడీ ఇంకొకరితో కలిసి ట్రాన్సిస్టర్లతో ఆ చెడిన ధ్వనిని తెప్పించే సర్క్యూట్ తయారుచేశారు. అదే 1962లో మార్కెట్లోకి వచ్చిన ‘మాస్ట్రో ఫజ్ టోన్’. మొదట్లో అంతగా అమ్ముడుపోలేదుగానీ, 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’లో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడాక అందరి కళ్లూ దానిమీదే. అంతకుముందే లింక్ రే అనే గిటారిస్టు స్పీకర్‌కి పెన్సిల్‌తో చిల్లులు పొడిచాడు. ‘కింక్స్’ బృందంలోని డేవ్ డేవిస్ బ్లేడుతో చీరేశాడు. అంతా ఈ బరబర కోసమే. ఏడెనిమిది వందల్లో పెట్టె చేసుకోవడం వాటికంటే నయం కదా!

మావాడు ఎంచుకున్న నమూనా పేరు ‘ఫజ్ ఫేస్’. లండన్‌లోని ఆర్బిటర్ సంస్థ 1966లో తెచ్చింది. జిమి హెండ్రిక్స్ కాలి కింద నలిగి ప్రపంచమంతా పేరుపడింది. దాని గొప్పంతా క్లుప్తతలోనే ఉంది. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, తిప్పే కంట్రోళ్లు రెండు. మొత్తం పదకొండు! పదకొండే కదా అనిపిస్తుంది. ఆ పదకొండింటికీ పాతిక ముప్ఫై కాళ్లుంటాయి. ఒక్క కాలు తప్పుగా పెట్టినా కథ కంచికే.

ముందు కరెంటు ఉందా?

తాతగారు మొదట సోల్డరింగ్ ఐరన్ ప్లగ్ పీకించారు. ‘తప్పెక్కడుందో తెలీకుండా కాల్చడం మొదలెడితే ఉన్నవీ పాడవుతాయి’ అన్నారు. మావాడు అప్పటికే అనుమానం వచ్చిన ప్రతి అతుకునీ రెండేసిసార్లు కరిగించి ఉన్నాడు. తలొంచుకున్నాడు.

తర్వాత కాలి స్విచ్ ఇంకోసారి నొక్కమన్నారు. మామూలు గిటార్ ధ్వని శుభ్రంగా వినిపించింది. అంటే ఎఫెక్ట్ వద్దనుకున్నప్పుడు ధ్వని పక్కదారిన నేరుగా వెళ్లిపోతోంది. ఈ ఒక్క పరీక్షతో గిటార్, కేబుళ్లు, యాంప్లిఫయర్, రెండు జాక్‌లు... అన్నీ నిర్దోషులని తేలిపోయాయి. ఎఫెక్ట్ పెట్టినప్పుడే నిశ్శబ్దం. కాబట్టి దొంగ బోర్డు మీదో, దానికొచ్చే తీగల్లోనో ఉన్నాడు. చాలామంది ఈ చిన్న పరీక్ష వదిలేసి కేబుల్ తప్పుని సర్క్యూట్ మీదకి నెట్టి రాత్రంతా కూర్చుంటారట.

మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టాం. బ్యాటరీ దగ్గర 9 వోల్టులకి కాస్త పైనే ఉంది. బోర్డు దగ్గర చూస్తే సున్నా! మధ్యలో ఎక్కడ పోయింది? ఇలాంటి పెడళ్లలో ఆన్-ఆఫ్ మీట విడిగా ఉండదు. గిటార్ కేబుల్ గుచ్చే జాకే ఆ పని చేస్తుంది. అందుకే అక్కడ మూడు కాళ్ల స్టీరియో జాక్ వాడతారు. బ్యాటరీ మైనస్ తీగ దాని మధ్య కాలికి ఉంటుంది. కేబుల్ గుచ్చగానే ఆ కాలు గ్రౌండ్‌తో కలిసి కరెంటు పారుతుంది. కేబుల్ తీసేస్తే బ్యాటరీకి విశ్రాంతి. (ఇంట్లో ఇలాంటి పెడళ్లుంటే వాయించడం అయ్యాక కేబుల్ పీకెయ్యండి. లేకపోతే బ్యాటరీ నాలుగు రోజుల్లో కన్నుమూస్తుంది.)

ఆ మధ్య కాలి మీద టంకం పైకి ముద్దలా ముచ్చటగానే ఉంది. తాతగారు తీగను వేలితో కదిపితే లోపల ఊగింది. ‘డ్రై సోల్డర్’ అన్నారు. టీవీ మెకానిక్కులందరికీ తెలిసిన మాట. కాలూ తీగా రెండూ బాగా వేడెక్కకముందే ఐరన్ కొసకి కరిగిన టంకాన్ని తెచ్చి పూసేస్తే అది అంటుకోదు. పైన కూర్చుంటుందంతే. మంచి అతుకు నునుపుగా, మెరుస్తూ, కాలి చుట్టూ వాలుగా దిగుతుంది. చెడ్డది మసకగా, గరుకుగా, గోళీలా ఉంటుంది. ఐరన్‌తో ముందు లోహాన్ని రెండు మూడు సెకన్లు వేడిచేసి, టంకం తీగను లోహానికి ఆనించాలి. ఐరన్‌కి కాదు. మామూలు సీసం-తగరం టంకం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. సరిగ్గా వేడెక్కితే తనంతట తనే పాకుతుంది. (సీసం ఉంటుంది కాబట్టి పని అయ్యాక చేతులు కడుక్కోవాలి. పొగ పీల్చకుండా కిటికీ తీసుకోవాలి.)

అతుకు సరిచేశాం. బోర్డుకి 9 వోల్టులు వచ్చాయి. మేనల్లుడు గిటార్ అందుకుని ఝామ్మని మీటాడు.

గొంతులో ఏదో అడ్డం పడ్డవాడు దగ్గినట్టు ఓ నీరసపు గురక వినిపించింది. అంతే.

కాలర్ పట్టుకున్న స్టెతస్కోపు

నిశ్శబ్దం కంటే ఈ గురకే నయం అన్నారు తాతగారు. రోగి బతికే ఉన్నాడు కదా! ఇప్పుడు కావాల్సింది స్టెతస్కోపు. పాత ఆడియో కేబుల్ ఒకటి తెమ్మన్నారు. ఒక కొసని కత్తిరించి పైతొడుగు తీస్తే రెండు తీగలు బయటపడ్డాయి. చుట్టూ ఉండే జల్లెడ తీగకి మొసలి క్లిప్పు తగిలించారు. మధ్య తీగకి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి అతికించారు. పైన 104 అని అంకె ఉంటుంది, షాపుల్లో రూపాయో రెండో. రెండో కొసని యాంప్లిఫయర్‌కి గుచ్చారు. దీన్నే ఆడియో ప్రోబ్ అంటారు. కెపాసిటర్ బ్యాటరీ వోల్టేజీని ఆపేసి ధ్వనిని మాత్రమే వెళ్లనిస్తుంది. క్లిప్పును సర్క్యూట్ గ్రౌండ్‌కి పట్టించి, కెపాసిటర్ కొసతో ఒక్కో చోటా తాకుతూ పోతే అక్కడ ధ్వని ఎలా ఉందో స్పీకర్లో వినిపిస్తుంది. యాంప్లిఫయర్ వాల్యూమ్ బాగా తగ్గించుకోవాలి. లేకపోతే తాకినప్పుడల్లా ఇల్లదిరిపోతుంది. మాకు అదిరింది కూడా. పక్కింటావిడ వచ్చి తొంగిచూసి వెళ్లారు.

ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు వెతకాలి. నేను గిటార్ పట్టుకున్నా (నాకు వచ్చింది ఒకే తీగని టింగుటింగుమనిపించడం. అది చాలు). మేనల్లుడు ప్రోబ్ పట్టుకున్నాడు. లోపలికొచ్చే జాక్ దగ్గర ధ్వని ఉంది. మొదటి కెపాసిటర్ దాటాక ఉంది. మొదటి ట్రాన్సిస్టర్ బేస్ మీద ఉంది. దాని కలెక్టర్ మీద ధ్వని ఎన్నో రెట్లు పెరిగి వినబడాలి. పెరగలేదు సరికదా, ముక్కుతూ మూలుగుతూ వచ్చింది. వాడి కళ్లు మొదటిసారి మెరిశాయి. ‘మామయ్యా, ఇక్కడే!’

అప్పుడు మీటర్‌తో వోల్టేజీలు రాసుకున్నాం. సిలికాన్ ట్రాన్సిస్టర్లతో చేసిన ఫజ్ ఫేస్‌లో రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర బ్యాటరీలో సగం... అంటే నాలుగున్నర వోల్టులకి అటూ ఇటూగా ఉంటే మంచిది. మూడు నుంచి అయిదు దాకా ఫర్వాలేదు. ధ్వని కెరటం పైకీ కిందికీ ఊగడానికి రెండు వైపులా చోటుండాలి కదా. ఆ కెరటం బాగా పెరిగి పైకప్పునీ నేలనీ గుద్దుకుని తల, కాళ్లు చదునైపోవడమే ఫజ్. మాకు వచ్చింది ఒక్క వోల్టు! ఎమిటర్ మీద కూడా దాదాపు అంతే. రెండింటికీ తేడా లేదంటే ఆ ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుపోయి కదలకుండా బిగుసుకుందన్నమాట. ఊగడానికి చోటెక్కడిది?

‘ట్రాన్సిస్టర్లు మాడిపోయాయేమో’ అన్నాడు మావాడు. ‘పోయిందేమీ ఉండదన్నానా?’ అన్నారు తాతగారు. ‘ఏ నంబరు తెచ్చావు?’

బొమ్మలో ఉన్నది 2ఎన్ 3904. అమెరికా వాళ్ల సర్క్యూట్లలో తరచుగా కనిపించే నంబరు. గుజరాతీ గల్లీలో షాపతను ‘అదే పని చేస్తుంది బాబూ’ అని ఇచ్చింది బీసీ 547. అతను అబద్ధం చెప్పలేదు. నిజంగానే అదే పని చేస్తుంది. కానీ కాళ్ల వరస తిరగబడి ఉంటుంది! చదును ముఖం మనవైపుంచి కాళ్లు కిందికి పెట్టి చూస్తే, 3904కి ఎడమనుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. 547కి కలెక్టర్, బేస్, ఎమిటర్. మధ్యది ఒకటే, అటూ ఇటూవి తారుమారు. బొమ్మలో చదును వైపు ఎటుంటే అటే పెట్టి అతికించాడు మావాడు. చూడ్డానికి రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. ట్రాన్సిస్టర్‌ను తిరగేసి పెట్టినా అది చచ్చిపోదు. బలహీనంగా పనిచేస్తుంది. అందుకే ఆ గురక.

రుజువు కావాలంటే చవక మల్టీమీటర్ మీదే ఉంది. దానిపై చిన్న గుండ్రటి సాకెట్ ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ట్రాన్సిస్టర్‌ని ఊడదీసి అందులో సరిగ్గా గుచ్చితే మూడంకెల లాభం చూపించింది. తిప్పి గుచ్చితే ఒక్కంకెకి పడిపోయింది. మావాడు దాన్ని నాలుగైదుసార్లు అటూ ఇటూ మార్చి మార్చి చూశాడు. రెండేళ్ల క్లాసు పాఠం అప్పుడు ఎక్కినట్టుంది!

రెండింటినీ సగం చుట్టు తిప్పి మళ్లీ అతికించాం. కలెక్టర్ మీద మూడున్నర వోల్టులు. మేనల్లుడు తీగ మీటాడు. గోడమీద క్యాలెండర్ వణికింది.

జర్మేనియం ముచ్చట

కాఫీ తాగుతూ తాతగారు అసలు ఫజ్ ఫేస్‌లో ఏ ట్రాన్సిస్టర్లుండేవని అడిగారు. మొదట్లో జర్మేనియంవి, ఏసీ 128 లాంటివి అని మావాడు చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో స్పీకర్‌ని మోగించింది అవే మరి. ఏసీ 128, ఏసీ 187, ఏసీ 188... ఆయన ఎన్ని మార్చారో లెక్కలేదట. ఇప్పుడు వాటికోసం పెడళ్లు చేసేవాళ్లు పాత రేడియోలు వెతుక్కుంటున్నారంటే నవ్వాపుకోలేకపోయారు. జర్మేనియంతో ధ్వని మెత్తగా ఉంటుందంటారుగానీ అవి ఎండకి తట్టుకోలేవు. వేడి పది డిగ్రీలు పెరిగితే లోపల కారిపోయే కరెంటు దాదాపు రెట్టింపవుతుంది. జనవరిలో బాగా పలికిన పెట్టె మే నెల్లో మొరాయిస్తుంది. మన హైదరాబాద్ ఎండల్లో సిలికానే మేలు అని నా అభిప్రాయం. మావాడు ఒప్పుకోలేదు.

ఎండతో సంబంధం లేని మొరాయింపులూ ఉన్నాయి. రెసిస్టర్ల రంగుల్లో ట్యూబ్‌లైటు కింద ఎరుపు, నారింజ, గోధుమ ఒకేలా కనిపిస్తాయి. అతికించే ముందే ఒక్కోదాన్నీ మీటర్‌తో కొలిచి చూసుకుంటే ఆ గొడవుండదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కి ప్లస్ మైనస్‌లుంటాయి. అడుగున రాగి గీతలున్న చిల్లుల బోర్డు వాడితే గీతకీ గీతకీ మధ్య వెంట్రుకంత టంకం పోగు ఉండిపోయి రెంటినీ కలిపేస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో గట్టిగా తోమి, దీపానికి అడ్డంగా పట్టి చూడాలి. దగ్గర్లో మీడియం వేవ్ స్టేషన్ ఉంటే ఫజ్ పెట్టెలో వార్తలు కూడా వినిపిస్తాయి! గ్రౌండ్ సరిగా కలిసిన లోహపు డబ్బాలో మూసేస్తే చాలావరకు తగ్గుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తల్లిదండ్రులు వినాలి. పెడల్ నడిచేది 9 వోల్టుల మీద. ఎంత కెలికినా ప్రమాదం లేదు. కానీ అదే ఉత్సాహంతో పిల్లలు యాంప్లిఫయర్ మూత తియ్యకూడదు. ముఖ్యంగా వాల్వులుండేవాటిలో వందల వోల్టులుంటాయి. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి. ప్రాణం తీస్తాయి.

మూత పెట్టగానే...

పది దాటింది. బోర్డుని బిస్కెట్ల డబ్బాలో సర్ది, నాలుగు స్క్రూలు బిగించి, మావాడు విజయగర్వంతో స్విచ్ నొక్కాడు.

నిశ్శబ్దం.

వాడి ముఖం చూడాలి మీరు! సోఫాలో కూలబడిపోయాడు. ‘ఇంక నావల్ల కాదు మామయ్యా. కొనేసుకుంటా’ అన్నాడు. నా ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ అటకెక్కింది సరిగ్గా ఇలాంటి క్షణంలోనే. ఆ మాట వాడికి చెప్పాను. ఏమీ మాట్లాడలేదు. కాసేపు కూర్చుని, లేచివచ్చి, ఎవరూ చెప్పకుండానే స్క్రూలు విప్పడం మొదలెట్టాడు.

మూత తీసి బోర్డును బయటికి లాగితే మోగింది. లోపల పెడితే ఆగింది. బయటికి... మోగింది. లోపలికి... ఆగింది. ఈసారి తాతగారు నోరు మెదపలేదు. చూస్తూ కూర్చున్నారు. రెండు నిమిషాలయ్యాక వాడే పట్టేశాడు. వాల్యూమ్ కంట్రోల్ వీపు లోహంది. అది డబ్బాకి బిగించి ఉంటుంది, డబ్బా గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది. మూత పెట్టగానే బోర్డు అడుగున పొడుచుకొచ్చిన టంకం ముళ్లు వెళ్లి ఆ వీపుకి తగులుతున్నాయి. బయటికెళ్లాల్సిన ధ్వని అక్కడే నేలపాలు!

మధ్యలో అడ్డం పెట్టడానికి ఏదైనా దళసరి కాగితం కావాలన్నాడు. అక్క టీవీ బల్ల సొరుగులోంచి ఎవరిదో పెళ్లి శుభలేఖ తీసిచ్చింది. మందంగా, నిగనిగలాడుతూ బ్రహ్మాండంగా పనికొచ్చింది. కత్తిరించి కంట్రోళ్ల మీద పరిచి మూత బిగించాడు. వినాయకుడి బొమ్మ ఉన్న ముక్కని మాత్రం జాగ్రత్తగా తీసి పక్కన పెట్టాడు.

స్విచ్ నొక్కాడు. తీగ మీటాడు. గదంతా బరబరమని మార్మోగింది. కింద వాటాలోంచి కూడా ఎవరో తలుపు తీసిన చప్పుడైంది. తాతగారు చెవులు మూసుకుని మరీ నవ్వుతున్నారు. బావగారు ఎట్టకేలకు టీవీ మీంచి కళ్లు తిప్పారు.

అక్క వంటింట్లోంచి పరుగున వచ్చింది. ‘అయ్యో, మళ్లీ పాడైపోయిందా?’